పేరు చెప్పలేదు కదా

కాగితం మీద మనిషి బొమ్మలు రెండుంటాయి. ఒకటి ముందు నుంచి, ఒకటి వెనక నుంచి. కళ్లూ ముక్కూ ఉండవు, జుట్టుండదు, ఆడో మగో తెలియదు. నొప్పి ఎక్కడుంటే అక్కడ ఎర్ర పెన్సిలుతో రుద్దాలి. కింద సున్నా నుంచి పది దాకా అంకెలుంటాయి, ఎంత నొప్పో చూసుకుని ఒక అంకె చుట్టూ గీత గియ్యాలి. అంతే పని.

పెళ్లయిన పదకొండో రోజున కెండ్రా ఆ కాగితాల కట్ట పట్టుకుని రేవులో దిగింది. మెడలో వేలాడే అట్టముక్క మీద 'కెండ్రా వూస్టర్' అని ఉంది. కొత్త ఇంటిపేరు. దాన్ని ఇటు తిప్పి అటు తిప్పి ఉదయం నుంచీ నాలుగుసార్లు చదువుకుంది. ఆ రోజుల్లో ఆమెకి ఏది చూసినా ముచ్చటగానే ఉండేది. గుమ్మం దగ్గర తన రబ్బరు బూట్ల పక్కన మొగుడు కోల్బీ బూట్లు, అవి రెండింతలుండటం. ఎర చేపల వాసన మూడుసార్లు స్నానం చేసినా అతని మెడ దగ్గర మిగిలిపోవటం. తెల్లవారుజామున ట్రక్కు కదిలేటప్పుడు అతను హారన్ కొట్టకుండా దీపాలు మాత్రం ఒకసారి ఆర్పి వెలిగించటం.

విశ్వవిద్యాలయం వాళ్లు లాబ్‌స్టర్లు పట్టేవాళ్ల నడుము నొప్పుల మీద పరిశోధన చేస్తున్నారు. దాన్ని నడిపే డాక్టర్ పొమర్లో అనే పెద్దావిడ అంతకు ముందు వేసవిలో తనే వచ్చి రేవులో నిలబడితే అందరూ వాతావరణం గురించి మాట్లాడి పంపేశారట. "నాతో మాట్లాడరమ్మా. నువ్వా ఊరి పిల్లవి, నీతో మాట్లాడతారు" అని కెండ్రాని పెట్టుకుంది. పెట్టుకునేటప్పుడు ఒక కాగితం మీద సంతకం చేయించుకుంది. ఎవరేం రాశారో ఎవరికీ చెప్పకూడదు. స్నేహితులకి చెప్పకూడదు, ఇంట్లోవాళ్లకీ చెప్పకూడదు. కాగితాల మీద పేర్లుండవు, అంకెలే. ఏ అంకె ఎవరిదో రాసిన పట్టీ తాళం వేసిన సొరుగులో ఉంటుంది.

రేవులో ఎనిమిది పడవలు. ఎనిమిదిమంది కెప్టెన్లూ ఒప్పుకున్నారు. కాకపోతే మొదటివారం ఏడుగురి జవాబులూ ఒకటే.

"నొప్పా? సున్నా వేసుకో."

"మొన్న ట్రక్కు దిగుతూ తలుపు పట్టుకుని రెండు నిమిషాలు అలాగే నిలబడ్డారు కదా?"

"అది నొప్పి కాదు తల్లీ. ఆలోచన."

ఇంకొకాయన ఎర తొట్టె మీద కూచుని అందరికీ వినపడేలా అన్నాడు. "నడుం నొప్పి సంగతి మమ్మల్నెందుకు అడుగుతావ్? మీ ఇంట్లో కొత్త పెళ్లికొడుకున్నాడుగా, వాణ్నడుగు!" రేవంతా గొల్లుమంది. కెండ్రా చెవులదాకా ఎర్రబడి, నవ్వు ఆపుకోలేక, ఆయనకి కూడా సున్నా చుట్టూ గీత గీసింది.

మామగారు వెండెల్ వూస్టర్ కూడా సున్నానే. నలభై ఏళ్లుగా సముద్రం అడుగు నుంచి లాబ్‌స్టర్ బోనులు పైకి లాగుతున్న మనిషి, రేవులో ఆయన మాటే చివరి మాట. కాగితం వంక చూడకుండానే గీత గీసి, "ఇదేదో చిన్నపిల్లలు రంగులేసుకునే పుస్తకంలా ఉంది" అన్నాడు.

ఎనిమిదో మనిషి ఎల్విన్ క్రౌలీ. అరవై మూడేళ్లు. తన షెడ్డులో తాళ్ల చుట్టల మధ్య కూచుని ఆయన పెన్సిలు తీసుకున్నాడు. వెనకవైపు బొమ్మకి నడుము దగ్గర మొదలుపెట్టి, ఎడమ పిర్ర మీదుగా, తొడ వెనక నుంచి, పిక్క దాటి, పాదం చివరిదాకా ఎర్రగా రుద్దుకుంటూ పోయాడు. పెన్సిలు మొన విరిగింది. జేబులోంచి కత్తి తీసి చెక్కుకుని మళ్లీ రుద్దాడు. తొమ్మిది చుట్టూ గీత గీశాడు.

"పది బోనులు లాగేసరికి ఆ కాలు నాది కాదు. మోకాలు పడవ అంచుకి ఆనించి నిలబడతా. లేకపోతే నీళ్లలో ఉంటా" అన్నాడు.

"తోడు మనిషిని పెట్టుకోవచ్చు కదండీ?"

"ఉన్నవాణ్నే పోయినేడు మాన్పించా. వాడు చూస్తాడని." ఎల్విన్ కాగితం మడిచి ఇచ్చాడు. "అవతల సముద్రంలో బయటిగుట్ట దగ్గర నావి నూట ఇరవై బోనులున్నాయి. మా నాన్న కాలం నుంచీ అది మా నేల. ఇప్పుడు పదిహేను రోజులకోసారి కూడా వాటి దగ్గరికి పోలేకపోతున్నా. ఈ సంగతి రేవుకి తెలిసిందో, వారం తిరక్కుండా అక్కడ వేరే రంగులు తేలతాయి. నీకు తెలియందేముంది?"

తెలుసు. అక్కడ పుట్టిన ఎవరికైనా తెలుసు. సముద్రం అడుగున ఎవరి నేల ఎంతవరకో ఏ కాగితం మీదా ఉండదు. బోను తాళ్లకి కట్టిన బెండ్లు ఎవరి రంగువి నీటి మీద తేలితే అది వాళ్లది, వాళ్లు లాగగలిగినన్నాళ్లు.

"ఎవరికీ తెలియదండీ" అంది కెండ్రా. మాట ఇచ్చినందుకు లోపల గర్వంగా కూడా అనిపించింది.

*

అక్కడి చట్టం ప్రకారం వేసవిలో ఆదివారం బోనులు లాగకూడదు. కాబట్టి ఆదివారం మొత్తం వాళ్లిద్దరిదే. ఆ పొద్దున కోల్బీ వంటింట్లో దోరగా అట్లు కాలుస్తున్నాడు, పిండిలో గుప్పెడు అడవి బ్లూబెర్రీలు వేసి. కెండ్రా బల్లమీదెక్కి కూచుని కాళ్లూపుతోంది. అతను వంగి కింది అరలోంచి బరువైన ఇంకో ఇనప పెనం ఒక్క చేత్తో, ఒళ్లు మెలితిప్పి పైకి తీశాడు.

"అలా కాదు! మోకాళ్లు వంచు. నడుం తిప్పుతూ బరువెత్తకూడదు."

"వచ్చిందండీ శాస్త్రజ్ఞురాలు."

"నవ్వు. యాభై ఏళ్లొచ్చాక ఏడుస్తావ్."

"మన రేవులో నడుం నొప్పున్నవాడు ఒక్కడున్నాడా? నీ కాగితాలే చెప్తున్నాయిగా, అందరికీ సున్నా అని. జనం డబ్బు పోసి సున్నాలు లెక్కపెడుతున్నారు మీ డాక్టరుగారు."

అతను ఉత్తినే ఉడికిస్తున్నాడు. కెండ్రాకి గెలవాలనిపించింది. అంతకంటే ఎక్కువగా, ఈ వంగే నడుము ఇంకో ముప్పై ఏళ్లు బాగుండాలనిపించింది.

"అందరివీ కాదు. ఒకాయన నిజం రాశాడు."

"ఎవరు?"

"చెప్పకూడదు."

"నాకా?"

"నీకు కూడా." ఆమె పెదాలు మూసుకుని తాళం వేసినట్టు వేలు తిప్పింది. అతను అట్టు ముక్క తేనెలో ముంచి ఆమె నోటిదాకా తెచ్చి ఆపాడు. ఆమె నవ్వింది. తింది. "పేరు చెప్పను. కానీ విను, నువ్వు భయపడాలని చెప్తున్నా. నడుం నుంచి ఎడం పాదం దాకా మొద్దుబారిపోతుందట. పది బోనులు లాగేసరికి కాలుండదట. తోడు కూడా లేకుండా అలాగే పోతున్నాడు పాపం. ఒకరోజు పడితే తీసేవాళ్లుండరు."

"ఓహో" అన్నాడు కోల్బీ, ఇంకో అట్టు తిప్పుతూ.

పేరు చెప్పలేదు కదా, అనుకుంది కెండ్రా. మాట నిలబెట్టుకున్నట్టే అనిపించింది. ఎనిమిది పడవలున్న రేవులో తోడు లేకుండా పోయే పడవ ఒక్కటేనన్న సంగతి, అట్లు అయిపోయినా, గిన్నెలు కడుక్కున్నా, చేతులు పట్టుకుని కొండ మీదికి నడిచి వచ్చినా, ఆమె బుర్రకి తట్టనేలేదు.

*

రెండో విడత కాగితాలు నింపే వారంలో, మధ్యాహ్నం పూట మామగారు వాళ్లింటికొచ్చాడు. కోల్బీ ఇంట్లో లేడని చూసుకునే వచ్చాడు. నిలబడే, నాలుగు మడతలు పెట్టిన కాగితం ఆమె చేతిలో పెట్టాడు.

"పోయినవారం రాసింది తప్పు. ఇది పెట్టుకో."

విప్పింది. నడుము ఎర్రగా ఉంది, కుడి భుజం ఎర్రగా ఉంది. ఎనిమిది చుట్టూ గీత.

"రెండేళ్లుగా మాత్రలు మింగి పడవెక్కుతున్నా" అన్నాడు వెండెల్, కిటికీలోంచి బయటికి చూస్తూ. "నువ్వు మా ఇంటి పిల్లవి కాబట్టి ఇచ్చా. వాడికి తెలియకూడదు. తెలిస్తే నన్ను ఒడ్డున కుర్చీలో కూచోబెడతాడు."

"తెలియదు" అంది కెండ్రా. ఆయన తలుపు దాకా వెళ్లి, మెట్టు దిగేటప్పుడు ఆమె చూస్తోందేమోనని వెనక్కి చూశాడు. ఆమె చటుక్కున చూపు తిప్పుకుంది.

*

తర్వాతి వారం శుక్రవారం ఎల్విన్ పడవలో వెళ్లే వంతు. ఒక రోజంతా పడవలో కూచుని, మనిషి ఎన్నిసార్లు వంగాడో, ఎంతసేపు వంగి ఉన్నాడో రాసుకోవాలి. నడుము మీద అగ్గిపెట్టంత పరికరం అంటిస్తారు, అది కూడా లెక్కపెడుతుంది. చూసేవాళ్లు దేన్నీ ముట్టుకోకూడదు, సాయం చెయ్యకూడదు. చేస్తే లెక్క తప్పుతుంది.

తెల్లటి ఎండ. నీళ్లు నిలకడగా ఉన్నాయి. ఎల్విన్ చొక్కా ఎత్తి నిలబడితే ఆమె పరికరం అంటించింది. ఆ నడుము చుట్టూ కట్టుకున్న పట్టీ గుర్తులు చర్మంలోకి దిగిపోయి ఉన్నాయి. దగ్గరి బోనులు తొమ్మిది లాగాడు. పదో దానికి మోకాలు అంచుకి ఆనించాడు. ఆమె రాసుకుంది. "ఇవాళ నువ్వున్నావు కాబట్టి బయటిగుట్ట దాకా పోదాం" అని చుక్కాని తిప్పాడు.

బయటిగుట్ట దగ్గర పడవ వేగం తగ్గించాడు. తర్వాత పూర్తిగా ఆపేశాడు.

ఆయన బెండ్లు నలుపూ పసుపూ. వాటి మధ్యమధ్య, వాటిని ఒరుసుకుంటూ, వేరే రంగులు తేలుతున్నాయి. ఎల్విన్ వేలు చూపించకుండా చూపుతోనే ఒక్కొక్కటీ లెక్కపెట్టాడు.

"ఆకుపచ్చా తెలుపూ. వెండెల్. ఎరుపు, ఆ వంకర గీతలది, డేల్. ఇంకా అదిగో, నారింజ రంగు, తెల్ల పట్టీ. ఇది కొత్తది. రంగు ఇంకా పాతబడను కూడా లేదు."

అది పెళ్లయిన మొదటివారంలో పెరట్లో కూచుని ఆమె, కోల్బీ కలిసి వేసిన రంగు. తెల్ల పట్టీ కెండ్రానే వేసింది. ముక్కు మీద కూడా తెల్లరంగు అంటితే కోల్బీ ఫొటో తీశాడు.

"ఎట్లా తెలిసింది వీళ్లకి?" అన్నాడు ఎల్విన్. కోపంగా కాదు, లెక్క తేలని మనిషిలా. "కిందటిసారి నేనొచ్చినప్పుడు ఒక్కటి లేదిక్కడ. ఆ కాగితాలు ఎవరు చూస్తారు?"

"ఎవరూ చూడరండీ. సొరుగులో ఉంటాయి. తాళం వేసి."

నిజమే చెప్పింది. చెప్పగానే మొహంలోకి వేడి పొంగుకొచ్చింది. అంత నిజం చెప్పి అంత అబద్ధం ఆడొచ్చని ఆమెకి అప్పటిదాకా తెలియదు.

ఎల్విన్ కొక్కెం కర్ర అందుకున్నాడు. ఎవరి నేల మీదైనా పరాయి బోను పడితే, మొదట దాని తాడు కోసెయ్యరు. బెండు కింద తాడుకి రెండు ముడులు వేసి వదిలేస్తారు. నేను చూశాను, తీసుకెళ్లు, అని దాని అర్థం. ఆయన అంచు మీదుగా వంగి నారింజ బెండుని లాగబోయాడు. అందింది. ముడి వెయ్యటానికి ఇంకా వంగాలి. ఎడం కాలు మడత పడిపోయింది. రెండు చేతులతో అంచు పట్టుకుని వేలాడాడు, గడ్డం చెక్కకి తగిలేలా. బెండు జారి నీళ్లలో పడింది.

కెండ్రా కాగితాలు కింద పడేసి ఆయన్ని నడుము చుట్టూ పట్టుకుని లేపింది. ఎర పెట్టె మీద కూచోబెట్టింది. ఆయన ఊపిరి కుదురుకోవటానికి చాలాసేపు పట్టింది.

"నువ్వు వేస్తావా?" అన్నాడు చివరికి. "ముడి వెయ్యటం వచ్చుగా?"

వచ్చు. ఆరేళ్లప్పుడే వాళ్ల నాన్న నేర్పాడు. ఆమె కొక్కెంతో నారింజ బెండు లాగి, తన చేత్తో పట్టీ వేసిన బెండు కింద, తాడుకి రెండు ముడులు వేసింది. రెండోది వదులుగా పడింది. విప్పి మళ్లీ వేసింది.

"ఎల్విన్ గారూ. నేనే చెప్పాను."

ఆయన ఎడం తొడ పిసుక్కుంటున్నాడు.

"కోల్బీకి. పేరు చెప్పలేదు. ఎడం కాలు అనీ, తోడు లేదనీ..." అక్కడికి వచ్చేసరికి ఆ మాటలు ఎంత అసహ్యంగా ఉన్నాయో ఆమెకే వినిపించింది. పేరు చెప్పలేదు. ఇంకేం మిగిల్చిందని? "తను జాగ్రత్తగా ఉండాలని చెప్పాను. మాటల్లో వచ్చేసింది."

ఎల్విన్ చొక్కా కిందికి చెయ్యి పోనిచ్చి, నడుము మీది పరికరం పీకి, ఆమె ఒళ్లో పెట్టాడు. దాని జిగురుకి రెండు తెల్ల వెంట్రుకలు అంటుకుని ఉన్నాయి.

"కొత్తగా పెళ్లైనవాళ్లకి నోరాగదు" అన్నాడు. "నేనాలోచించాల్సింది."

తప్పు తన మీద వేసుకున్నాడు. తిట్టి ఉంటే బాగుండేది.

*

"నేను నాన్నకొక్కడికే చెప్పాను" అన్నాడు కోల్బీ, సాయంత్రం, గుమ్మంలో బూట్లు విప్పుతూ.

"నేను నీకొక్కడికే చెప్పాను."

ఆ మాటకి అతను బూటు చేత్తో పట్టుకుని అలాగే ఉండిపోయాడు. "నాన్న వేశాడు. డేల్ వేశాడు. ఇంక ఆ నేల ఎటూ పోతోందని నేనూ పాతిక వేశా. ఎల్విన్ లాగలేడు కదా అని... నాకు ఈత నేర్పింది ఆయన."

"రేపు తీసేస్తావా?"

"నావి తీస్తా. నాన్నకి చెప్పటం నా వల్ల కాదు."

ఆమె డాక్టర్ పొమర్లోకి ఫోన్ చేసింది. దాచకుండా చెప్పింది, అట్లూ తేనే సహా. ఆవిడ గొంతు పెంచలేదు. ఇవాళ్టితో పని ఆపెయ్యమంది. విశ్వవిద్యాలయంలో పరిశోధనల తప్పొప్పులు చూసే పై కమిటీకి తనే రాస్తానంది. "కానీ ఎనిమిదిమందికీ నువ్వే చెప్పాలి, కెండ్రా. ఏం జరిగిందో చెప్పి, ఉంటారో మానుకుంటారో వాళ్లనే అడగాలి. ఆయన పేరు మాత్రం ఇంకోసారి నీ నోటి నుంచి రాకూడదు."

*

శనివారం పొద్దున్నే రేవులో నిలబడి చెప్పింది. అందరూ ఎర నింపుకుంటున్నారు. ఎల్విన్ చివర తన పడవ పక్కన, వీపు ఇటు పెట్టి ఉన్నాడు.

"మీలో ఒకరు రాసింది నేను బయటపెట్టాను. పెట్టనని మీ అందరికీ మాటిచ్చాను. నన్ను పనిలోంచి తీసేశారు. మీ కాగితాలు వెనక్కి కావాలంటే ఇస్తారు."

ఎవరో ఉమ్మేశారు. "మావి కూడా రాత్రి మొగుడికి చదివి వినిపించావా?" అన్నాడు డేల్. ఎవరూ నవ్వలేదు.

"లేదు. ఆ ఒక్కటే."

"నాది చింపెయ్యమను" అన్నాడొకడు. "నాది కూడా" అన్నాడు ఇంకొకడు. పెళ్లికొడుకుని అడుగు అన్న పెద్దమనిషి ఏమీ అనకుండా తొట్టె మీంచి లేచి అవతలికి పోయాడు. అది అన్నింటికంటే ఎక్కువ గుచ్చుకుంది.

"బయటిగుట్ట దగ్గర వేసినవి తీసెయ్యండి" అంది కెండ్రా. "నా మాట పట్టుకుని వేశారు. నేనలా చెప్పి ఉండకూడదు."

వెండెల్ ఎర పార పక్కన పెట్టాడు. "నువ్వు చెప్పకూడదు, నిజమే. కానీ చెప్పావు. చెప్పింది అబద్ధమా? నడుం పోయినవాడికి అంత నేలెందుకమ్మా? లాగలేనివాడు ఒడ్డెక్కాలి. మా తాతల కాలం నుంచీ ఇంతే. నీ కాలేజీలో ఇంకేదన్నా చెప్పారేమో."

ఒకరిద్దరు తలూపారు. కోల్బీ తండ్రి పక్కనే నిలబడి ఉన్నాడు, నేల చూపులు చూస్తూ.

కెండ్రా నోటిదాకా వచ్చింది. ఒక్క అంకె. 'ఎనిమిది' అంటే చాలు. ఆ ఒక్కమాటతో రేవంతా ఆయన వైపు తిరిగేది, బోనులన్నీ మధ్యాహ్నానికి పైకొచ్చేవి. అంత తియ్యగా ఉంది ఆ మాట నాలుక మీద. అది అంత తియ్యగా ఉందని తెలిసినందుకు ఆమెకి తన మీద తనకే రోత పుట్టింది. ఫోను చేసి, రాత్రంతా ఏడ్చి, ఇవాళ ఇక్కడ నిలబడి కూడా, చెప్పాలనే ఉంది.

చెప్పలేదు. మామగారి మొహంలోకి చూస్తూ నిలబడింది.

ఆయన ఆమె మొహంలో ఏం చూశాడో. ముందు గడ్డం పైకెత్తాడు, అను చూద్దాం అన్నట్టు. ఆమె అనలేదు. ఆయన కొడుకు వైపు ఒక్కసారి చూసి, మళ్లీ ఆమె వైపు చూశాడు. ఆమె ఇంకా అనలేదు. ఆయన మెడ మీద ఎరుపు కింది నుంచి పైకి ఎక్కటం ఆమెకి కనిపించింది. పార తీసుకుని, దేన్నో వెతుకుతున్నట్టు తొట్టెలోకి చూశాడు.

"ఇవాళ ఎటూ అటే పోవాలి" అన్నాడు తొట్టెతోనే. "నావి తీసుకొస్తా. డేల్, నువ్వూ రా. అక్కడ తాళ్లు చిక్కుపడి చస్తున్నాయి."

"మొన్న చిక్కుపడలేదే?" అన్నాడు డేల్.

"ఇవాళ పడ్డాయి."

కోల్బీ తండ్రిని వింతగా చూశాడు, భార్యని చూశాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. అతను అడగలేదు.

కెండ్రా రేవు చివరిదాకా నడిచింది. "తీసేస్తున్నారండీ. సాయంత్రానికి ఒక్కటీ ఉండదు."

"విన్నాను" అన్నాడు ఎల్విన్. తాడు చుట్టటం ఆపలేదు. "నేల సంగతి సరే తల్లీ. నా కాలు సంగతి రేవంతటికీ తెలిసిపోయింది. అదెవరు తీస్తారు?"

ఆయన తాడు చుట్ట పక్కన పడేసి ఎర తొట్టె దగ్గరికి వెళ్లాడు. తొట్టె నిండా ఉప్పుచేపలు, యాభై కిలోలకి తక్కువుండదు. రోజూ అందరూ వెళ్లిపోయేదాకా ఏదో పని కల్పించుకుని, ఒంటరిగా ఉన్నప్పుడు దాన్ని పడవలోకి దించుకునేవాడని ఆమెకి అప్పుడు అర్థమైంది. ఇవాళ ఆగలేదు. అందరి మధ్యే వంగాడు, కాళ్లు దగ్గరగా పెట్టి, నడుము మెలితిప్పి, పరిశోధన కాగితాలన్నింటిలోనూ వద్దని రాసిన పద్ధతిలో. తొట్టె చెక్కల మీంచి లేచింది. ఎడం మోకాలు వణకటం మొదలుపెట్టింది.

కోల్బీ ఒక అడుగు ముందుకేశాడు. వెండెల్ అతని చొక్కా పట్టుకుని ఆపాడు.

ఆయన వైపు చూడకుండా, రేవంతా ఒక్కసారిగా వేరే పనుల్లో పడింది. డేల్ ఆకాశం వైపు చూశాడు. ఒకడు బూటు తాడు కట్టుకున్నాడు. వెండెల్ ఖాళీ పారని నీళ్లలో ముంచి కడిగాడు. కెండ్రాకి మూడువారాలుగా జీతమిచ్చింది చూడటానికే, మనిషి ఎలా వంగాడో, ఎంతసేపు వంగాడో కళ్లార్పకుండా చూసి రాసుకోవటానికి. ఆమె వెనక్కి తిరిగి, ట్రక్కుల వైపు చూస్తూ, తొట్టె పడవలో దిగిన చప్పుడు వినపడేదాకా నిలబడింది.